ఎంజైముకి మనమెవరో తెలియదు

రిపోర్టులో ఆ మాట మూడో పేజీ అడుగున ఉంది. బావగారి మెదడులోంచి తీసిన గడ్డని పరీక్ష చేసి ఇచ్చిన రిపోర్టు అది. గడ్డ పేరు గ్లయోబ్లాస్టోమా అని అప్పటికే తెలుసు. కొత్తగా తెలిసింది ఈ ఒక్క ముక్క: ‘ఎంజీఎంటీ ప్రమోటర్ - అన్‌మిథైలేటెడ్’. అక్క దాన్ని ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టింది. పావుగంటలో మా పెదనాన్నగారి మనవడు, చురుకైనవాడే, నెట్‌లో వెతికి అర్థం చెప్పేశాడు. ఎంజీఎంటీ అంటే డీఎన్ఏని బాగుచేసే ఎంజైము. ఆ జన్యువు మొదట్లో మిథైల్ ముద్రలు పడితే జన్యువు మూతపడి ఎంజైము తయారవదు. మనకి ముద్రలు పడలేదు కాబట్టి ఎంజైము చక్కగా తయారవుతోంది, డీఎన్ఏ చక్కగా బాగవుతోంది. దాని కింద వరసగా దణ్ణాలు, పువ్వులు.

వాడు చెప్పినవాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. సంతోషించడమొక్కటే తప్పు.

నేను బయోకెమిస్ట్రీ చదివినవాణ్ణి. ఆ సమయానికి హాల్లో అక్క పక్కనే కూర్చుని ఉన్నాను. నోరు విప్పడానికి చాలాసేపు పట్టింది. విప్పేలోగా అక్కే అంది: “నువ్వే రాశావు కదరా పేపర్లో, ఆ ఎంజైములు రాత్రీ పగలూ మనకి కాపలా కాస్తాయని.”

రాశాను. 2015లో టొమాస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌లకి డీఎన్ఏ మరమ్మతు మీద చేసిన పనికి కెమిస్ట్రీ నోబెల్ వచ్చినప్పుడు ఒక ఆదివారం అనుబంధానికి చిన్న వ్యాసం రాశాను. నిద్రపోని కాపలాదారులు, కణంలోని కనిపించని వైద్యులు, అక్షరం తప్పు పోనివ్వని ప్రూఫ్ రీడర్లు, అన్నీ వాడేశాను. చివర్లో ‘ప్రకృతి ఎంత అద్భుతమైనది’ కూడా ఉంది. అందులోనూ అబద్ధం లేదు. నా ఫిర్యాదు అదే. తెలుగులో మనం రాసే సైన్సు వ్యాసాల్లో చాలావాటిలో అబద్ధం ఉండదు. కాకపోతే, ఒక ఇల్లాలు చేతిలో రిపోర్టు పట్టుకుని కూర్చున్నప్పుడు పనికొచ్చే నిజం కూడా ఉండదు. ఇప్పుడు రాస్తున్న ఈ వ్యాసం నా ఆ వ్యాసం మీద, అలాంటివి రాసే అందరి మీద.

ముందు అసలు కణంలో జరిగేదేమిటో చెప్పాలి, పోలికలు కాస్త పక్కన పెట్టి.

డీఎన్ఏ తరతరాలు నిలిచే పదార్థం కాబట్టి రాతిలాంటిది అయివుంటుందని ఒకప్పుడు అనుకునేవారు. స్వీడన్‌లో లిండాల్ ఆ మాటని అనుమానించాడు. ఆయన లెక్కలు కట్టి చూపించిందేమిటంటే, దాన్ని పాడుచేయడానికి రేడియేషనూ అక్కర్లేదు, సిగరెట్టు పొగా అక్కర్లేదు. శరీరపు వేడిలో నీళ్ళలో ఉండడమే చాలు. మనిషి కణం ఒక్కొక్కదాంట్లో రోజుకి కొన్ని వేల అక్షరాలు ఊడిపోతుంటాయి. ఇంకొన్ని చోట్ల సైటొసిన్ అనే అక్షరం తన అమైనో గుంపుని పోగొట్టుకుని యురాసిల్‌గా మారిపోతుంది. ‘సి’ కాస్తా ‘యు’ అవుతుంది. అలా వదిలేస్తే, కాపీ తీసేటప్పుడు ఆ ‘యు’ని ‘టి’ కింద లెక్కేసి ఎదురుగా ‘ఎ’ పెడతారు, తప్పు స్థిరపడిపోతుంది.

1974లో లిండాల్ బ్యాక్టీరియాలో ఒక ఎంజైముని పట్టుకున్నాడు. డీఎన్ఏలో యురాసిల్ కనపడితే దాన్ని కోసేయడం దాని పని. మన కణాల్లోనూ దాని జ్ఞాతి ఉంది. అది పోగు వెంట జరుగుతూ, అక్షరాన్ని మెలికలోంచి బయటికి తిప్పి తనలో ఉన్న చిన్న గుంటలో పెట్టుకుంటుంది. థైమిన్‌కీ యురాసిల్‌కీ తేడా ఒక్క మిథైల్ గుంపు. ఆ గుంపు అడ్డొచ్చి థైమిన్ గుంటలో పట్టదు. యురాసిల్ పడుతుంది. పట్టినదాన్ని కోస్తుంది. తర్వాత ఇంకో ఎంజైము వచ్చి ఆ ఖాళీ దగ్గర పోగుని తెంపుతుంది, మరొకటి ఎదురు పోగులో ఉన్న ‘జి’కి జంటగా ‘సి’ని తెచ్చి పెడుతుంది, ఇంకొకటి అతుకు వేస్తుంది. డీఎన్ఏలో యురాసిల్ బదులు థైమిన్ ఎందుకుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ‘యు’ కూడా అసలు అక్షరమే అయివుంటే, పాడైన ‘సి’ ఏదో, పుట్టు ‘యు’ ఏదో తేలేది కాదు.

నా పాత వ్యాసంలో ఈ చోట ‘ఎంజైము తప్పుని గుర్తిస్తుంది’ అని ఉంది. గుర్తించడమంటూ ఏమీ లేదు. గుంటలో పట్టడం, పట్టకపోవడం, అంతే. ఈ తేడా ఎందుకింత పట్టుకుని సాగదీస్తున్నాడా అనిపిస్తే కొంచెం ఓపిక పట్టండి. బావగారి రిపోర్టు దీని మీదే ఉంది.

ప్రూఫ్ రీడర్ పోలిక సాహిత్యం వాళ్ళకి ముద్దొస్తుంది. నాకూ వచ్చింది. కానీ ప్రూఫ్ రీడరుకి భాష తెలుసు. ‘అడవి’ అనే చోట ‘ఆడవి’ అని పడితే దిద్దుతాడు, అడవి అనే మాట ఆయన బుర్రలో ఉంది కాబట్టి. కణంలో ఎవరి బుర్రలోనూ ఏ మాటా లేదు. మోడ్రిచ్ ఏళ్ళ తరబడి తలపట్టుకున్నది సరిగ్గా ఈ చిక్కుతోనే. కాపీ అయ్యేటప్పుడు ‘జి’ ఎదురుగా ‘సి’ బదులు ‘టి’ పడిందనుకోండి. రెండూ మంచి అక్షరాలే, ఏదీ పాడైపోలేదు. జంట కుదరలేదు, అంతవరకే. ఇందులో తప్పు ఏది? ‘జి’ని మార్చినా జంట కుదురుతుంది, ‘టి’ని మార్చినా కుదురుతుంది.

కడపలో బ్రౌన్ దొర పెట్టుకున్న పండితులు ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ ముందేసుకుని పాఠాలు సరిచూసినప్పుడు వాళ్ళకీ ఇదే చిక్కు. అయితే వాళ్ళకి ఛందస్సు తోడుంది. యతి చెడితే తెలుస్తుంది. అన్నిటికీ మించి అర్థం తోడుంది. కణానికి ఇవేవీ లేవు. దానికున్న ఆధారం ఒక్కటే: ఏ పోగు పాతది, ఏది కొత్తది. కొన్ని బ్యాక్టీరియాల్లో పాత పోగు మీద మిథైల్ ముద్రలుంటాయి, కొత్తదాని మీద అవి పడడానికి కొంచెం సమయం పడుతుంది. ఆ లోపల ముద్ర లేని పోగు మీద కత్తి పడుతుంది. మన కణాల్లో ఈ ముద్రల పద్ధతి లేదు. కొత్త పోగులో ఇంకా అతకని తెగుళ్ళు ఉంటాయి, కాపీ యంత్రం వదిలిన ఉంగరంలాంటి ప్రొటీను ఒక దిక్కుకి తిరిగి ఉంటుంది, వాటిని బట్టి తేలుతుంది. ఏ రకంగా చూసినా పాతదే ఒప్పు, కొత్తదే తప్పు. పాతదాంట్లోనే తప్పుంటే దాన్నే భద్రంగా నిలబెడుతుంది. పెద్దలు రాసిందే ప్రమాణం అని కూర్చునే పరిష్కర్త అన్నమాట. అలాంటివాళ్ళు మనకి కొత్తేం కాదు.

రెండు పోగులూ ఒకే చోట తెగిపోతే వ్యవహారం ఇంకా మొరటుగా ఉంటుంది. అప్పుడే కాపీ అయి పక్కన జంట ప్రతి ఉంటే, దాన్ని చూసి పూరించుకునే పద్ధతి ఉంది. లేకపోతే తెగిన రెండు కొసల్నీ పట్టుకుని, అంచులు కాస్త చెక్కి, ముడేసేస్తుంది. ఒకటో రెండో అక్షరాలు పోవచ్చు, కొన్ని కొత్తవి వచ్చి చేరవచ్చు. పోగు తెగి ఉండడం కన్నా అక్షరం పోవడం నయం. ఇది అద్భుతం కాదు, సర్దుబాటు. నా వ్యాసంలో ఈ ముక్క లేదు. చోటు లేక కాదు, ‘అద్భుతం’ అనే మాటకి అడ్డమని.

సంజార్ పనిచేసిన మరమ్మతు గురించి క్లుప్తంగా చెప్పి ముందుకెళ్తాను. ఎండలోని అతినీల కిరణాలకి పక్కపక్క అక్షరాలు రెండు అతుక్కుపోతే, మన కణాలు ఆ చోటుకి అటూ ఇటూ కోసి దాదాపు ముప్ఫై అక్షరాల ముక్కని తీసేసి కొత్తది నింపుతాయి. పుట్టుకతో ఈ పని చేతకాని పిల్లలున్నారు, పగటి ఎండలోకి రాలేరు. ఆ జబ్బుకీ మరమ్మతు లోపానికీ సంబంధం ఉందని జేమ్స్ క్లీవర్ 1968లో చూపించాడు. బ్యాక్టీరియాకీ మొక్కలకీ ఇదే పనికి ఫోటోలయేజ్ అని ఇంకో ఎంజైము ఉంది. వెలుతురునే వాడుకుని ఆ అతుకుని విడదీస్తుంది. కంగారూకి కూడా ఉంది. మనకి లేదు. మనకి లేనిదాన్ని ట్యూబులో పెట్టి అమ్మే సన్‌స్క్రీన్ క్రీములు మటుకు ఉన్నాయి.

ఇప్పుడు ఎంజీఎంటీ.

ఇది పైవాటిలాగా జట్టుగా పనిచేయదు. గ్వానిన్ అనే అక్షరం మీద ఒక నిర్దిష్టమైన చోట, ఆరో స్థానంలోని ఆక్సిజన్ దగ్గర, ఒక మిథైల్ గుంపు అంటుకుంటే ఈ ప్రొటీను వచ్చి ఆ గుంపుని తీసి తన ఒంటికే తగిలించుకుంటుంది. ఆ తగిలించుకున్నది మళ్ళీ ఊడదు. ఒక్క గుంపు తీయడంతో ఆ ప్రొటీను పని అయిపోతుంది, కణం దాన్ని పారేస్తుంది. ఒక దెబ్బకి ఒక ప్రొటీను. పని చేసి తాను మారకుండా ఉండేదే ఎంజైము కాబట్టి దీన్ని ఎంజైము అనకూడదని కెమిస్ట్రీ మేష్టార్లు ఒప్పుకోరు. వాళ్ళది న్యాయమే. నేను నలుగురూ అనే మాటే వాడుతున్నాను.

బావగారికి ఇస్తున్న కేప్సూల్స్ పేరు టెమొజొలొమైడ్. ఆ మందు చేసే ముఖ్యమైన పని ఏమిటో తెలుసా? సరిగ్గా ఆ చోట, గ్వానిన్ ఆరో స్థానంలో, మిథైల్ గుంపు తగిలించడం. అదే దాని కత్తి. ఎంజీఎంటీ చేసేది ఆ కత్తిని పీకి పారేయడం. రిపోర్టులో ఉన్నది బావగారి ఒంటి సంగతి కాదు, ఆ గడ్డ సంగతి. మా అబ్బాయి చెప్పిన ‘మనకి’ అనే మాట దగ్గరే అంతా ఉంది. ‘మనకి’ మూతపడలేదు కాదు. గడ్డకి మూతపడలేదు. గడ్డ తన మీద పడ్డ మందు దెబ్బని తాను సరిచేసుకుంటోంది.

2005లో మోనికా హెగి బృందం అచ్చువేసిన అంకెలు ఈ రంగంలో అందరికీ తెలిసినవే. గడ్డలో ఎంజీఎంటీ మూతపడినవాళ్ళలో, రేడియేషన్‌తో పాటు టెమొజొలొమైడ్ ఇస్తే సగం మంది 21.7 నెలలు దాటారు. రేడియేషన్ ఒక్కటే మొదలుపెట్టినవాళ్ళకి ఆ లెక్క 15.3 నెలలు. మూతపడనివాళ్ళలో మందు ఇస్తే 12.7, ఇవ్వకపోతే 11.8. మా గ్రూపులో పువ్వులు పెట్టింది ఈ రెండో వరసకి.

ఇంకో మెలిక కూడా ఉంది. నాకు అన్నిటికన్నా పెద్ద పాఠం అదే. ఎంజీఎంటీ లేని గడ్డకణాన్ని టెమొజొలొమైడ్ ఎలా చంపుతుంది? మిథైల్ అంటుకున్న ‘జి’ కాపీ అయ్యేటప్పుడు ‘సి’తో కాక ‘టి’తో జంట కడుతుంది. జంట కుదరలేదు కదా, మోడ్రిచ్ గారి మరమ్మతు ముఠా దిగుతుంది. దాని నియమం తెలిసిందే, పాతది ఒప్పు, కొత్తది తప్పు. కొత్త పోగులోని ‘టి’ని కోసేస్తుంది. ఖాళీలో మళ్ళీ అక్షరం పెట్టాలి, పాత పోగులో పాడైన ‘జి’ అలాగే ఉంది, మళ్ళీ ‘టి’యే వస్తుంది. మళ్ళీ కోస్తుంది. ఈ కోతల మధ్య ఇంకోసారి కాపీ మొదలైతే పోగులు తెగుతాయి, కణం చస్తుంది. అంటే ఈ గడ్డలో ఒక మరమ్మతు కణాన్ని బతికిస్తోంది, ఇంకో మరమ్మతు అదే కణాన్ని చంపుతోంది. ఆ రెండోది చెడిపోతే గడ్డ మందుకి లొంగడం మానేస్తుంది కూడా.

అక్క ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక డబ్బా ఉంది. ఎవరో తెలిసినవాళ్ళు తెచ్చిచ్చిన పొడి. డబ్బా మీద ఆకుపచ్చ మెలికలు, ‘డీఎన్ఏ రిపేర్‌కి తోడ్పడుతుంది’ అని మాట. పూటకి రెండు చెంచాలు, గోరువెచ్చని నీళ్ళతో. నేను ఆ డబ్బా పట్టుకుని అడగాలనుకున్న ప్రశ్న ఒక్కటే: ఏ రిపేరుకి? ఎవరి రిపేరుకి?

మనకి యల్లాప్రగడ సుబ్బారావు గారంటే గర్వం. భీమవరంలో పుట్టాడంటాం, నోబెల్ ఇవ్వలేదని బాధపడతాం, 1995లో తపాలా బిళ్ళ వేశారని చెప్పుకుంటాం. ఆ గర్వంలో పదో వంతు ఆయన పని చదవడం మీద పెట్టి ఉంటే ఈ డబ్బా మన ఇళ్ళలోకి ఇంత సులువుగా వచ్చేది కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌నీ, దాని తరహా పదార్థాల్నీ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాటిలో కొన్నిటిని ల్యుకీమియా పిల్లలకి ఇచ్చి చూశాడు. పోషకమే కదా. జబ్బు వేగం పెరిగినట్టు కనిపించింది. అయితే ఆ పోషకాన్ని అడ్డుకుంటే? సుబ్బారావు బృందమే అడ్డుకునే పదార్థాన్నీ తయారుచేసి ఇచ్చింది, అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ అచ్చువేసిన వ్యాసంలో 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది, తాత్కాలికంగానే అయినా. అప్పటిదాకా ఆ జబ్బుకి ఆ మాత్రం కూడా లేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు పోయాడు. అమినోప్టెరిన్ తమ్ముడు మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది.

అది చంపే దారుల్లో ఒకటి చూడండి. ఫోలిక్ యాసిడ్ దారి మూసుకుపోతే కణంలో ‘టి’ తయారీ పడిపోతుంది, ‘యు’ పేరుకుపోతుంది. కాపీ యంత్రం ‘టి’ దొరక్క ‘యు’ పెడుతుంది. లిండాల్ ఎంజైము ఊరుకోదు, గుంటలో పట్టింది కాబట్టి కోసేస్తుంది. ఖాళీలో పెట్టడానికి మళ్ళీ ‘యు’యే దొరుకుతుంది. మళ్ళీ కోత. పోగంతా గంట్లు పడి తెగిపోతుంది. మరమ్మతే చావు. నా వ్యాసంలోని కాపలాదారు ఇంట్లోవాళ్ళనే నరుకుతున్నాడు, తనకిచ్చిన ఒక్క నియమాన్ని తప్పకుండా. ఆ చచ్చేది క్యాన్సర్ కణం కాబట్టి మనం దాన్ని వైద్యం అంటున్నాం.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. కీళ్ళవాతానికి వారానికోసారి కొద్ది మోతాదు మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళకి డాక్టర్లే ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇస్తారు. ఆ లెక్క వేరు. ఇది చదివి ఎవరూ దాన్ని మానెయ్యొద్దు.

బీఆర్‌సీఏ జన్యువుల కథ చాలామందికి సినిమా తారల వార్తల వల్ల తెలుసు. రొమ్ముక్యాన్సర్, అండాశయ క్యాన్సర్ కుటుంబాల్లో వచ్చేది. ఆ జన్యువులు చేసేది కూడా మరమ్మతే, రెండు పోగులూ తెగినప్పుడు జంట ప్రతి చూసి పూరించే పని. అది చెడిన గడ్డకి మిగిలిన ఇంకో చిన్న మరమ్మతుని కూడా ఆపేస్తే ఏమవుతుందని రెండు బృందాలు 2005లో చూశాయి. గడ్డకణాలు చచ్చాయి. 2014లో అమెరికాలో అండాశయ క్యాన్సర్‌కి అనుమతి వచ్చిన ఒలాపరిబ్ ఆ రకం మందు. చేసే పని అంతా మరమ్మతుని చెడగొట్టడమే. డబ్బా మీద రాసినదానికి నేరుగా ఎదురు.

ఇంత చెప్పాక నాకు రెండు మాటలు వినపడతాయి, బయటా లోపలా. మొదటిది: “ఆశ ఇస్తే నీకేం పోయింది?” బావగారు ఇప్పుడు లేరు. పొడి వల్ల పోయారని నేననను, ఆ జబ్బుకి ఎవరి తోడూ అక్కర్లేదు. కానీ ఆ ఆశ ఉచితం కాదు. డబ్బాకి డబ్బు పోయింది, అది సరే. డాక్టరుకి చెప్పకుండా వాడారు, చెబితే తిడతారని. ఇక తర్వాత్తర్వాత అక్క నాతో అన్న మాట, రెండో నెలలో పది రోజులు పొడి మానేశామురా, అందుకేనేమో అని. ఆ ‘అందుకేనేమో’ ఆవిడకి ఎవరిచ్చారు? డబ్బా వాడు ఇచ్చాడు. నేనూ ఇచ్చాను. ఒళ్ళు తనని తానే బాగుచేసుకుంటుంది అని చెప్పినవాడు, బాగవకపోతే ఆ తప్పు ఒళ్ళుదేనని కూడా చెప్పినట్టే.

రెండో మాట ఇంకొంచెం గట్టిది. జనానికి మిథైల్ గుంపులూ గ్వానిన్‌లూ ఎక్కవు, కాపలాదారులంటేనే ఎక్కుతుంది, పోలిక లేకుండా సైన్సు చెప్పలేం అని. ఒప్పుకుంటాను, ఈ వ్యాసంలోనే గుంటలు, కత్తులు, ముఠాలు ఎన్ని వాడానో మీరే చూశారు. గొడవ పోలికతో కాదు, ప్రేమ పులిమిన పోలికతో. కాపలాదారు అనగానే ఎవరికో కాపలా కాస్తున్నట్టు. వైద్యుడు అనగానే రోగి పక్షాన ఉన్నట్టు. ఎంజైము ఎవరి పక్షమూ కాదు. కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారు, వేమూరి వేంకటేశ్వరరావు గారు తెలుగులో సైన్సు రాసిన తీరు మనకి ఉంది. దాన్ని పక్కన పెట్టి ‘సృష్టి రహస్యం’, ‘ప్రకృతి వరం’ అనే మాటలు అరువు తెచ్చుకున్నది మేమే. అవే మాటలు డబ్బా మీదా ఉంటాయి. భాష ఒకటైనప్పుడు, పేపరు చదివినవాడు డబ్బా కొనడంలో వింతేముంది?

మరి చేయగలిగింది ఏమీ లేదా అంటే, ఉంది, కానీ అది దెబ్బ తగలకుండా చూసుకునే వైపు ఉంది. పొగాకు మానితే గ్వానిన్‌కి అంటుకునే మసి తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ తప్పించుకుంటే అతుకులు తగ్గుతాయి. ఇందులో అమ్మడానికి ఏమీ లేదు కాబట్టి డబ్బాలోకి రాదు.

డాక్టర్ల మీదా ఒక మాట అనాలి. ఆ రిపోర్టు ఇచ్చిన రోజు అక్కతో మాట్లాడినాయన నాలుగు నిమిషాలు మాట్లాడారట, మూడు వంతులు ఇంగ్లీషులో. అక్క పదో తరగతి. ఆయన తెలుగువాడే. ఇంగ్లీషులో చెప్పింది కూడా తప్పు కాదనుకుంటాను. అయితే ఆ నాలుగు నిమిషాల తర్వాత మిగిలిన ఖాళీలోకే గ్రూపు వచ్చింది, డబ్బా వచ్చింది, నా పాత వ్యాసం వచ్చింది.

ఆ సాయంత్రం చివరికి చెప్పాను. అక్కకి కాదు, ముందు బావగారికే. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేరి ముప్ఫైమూడేళ్ళు బస్సులు బాగుచేశారు. ఆపరేషన్ తర్వాత మాట కొంచెం తడబడేది కానీ బుర్ర పాదరసమే. గడ్డ తనని తాను రిపేరు చేసుకుంటోంది బావగారూ అన్నాను. కాసేపు ఆలోచించి, “బండి తోలేది ఎవడని మేం అడగం గదా. బ్రేకు బిగించమంటే బిగిస్తాం,” అన్నారు. నా ఆదివారం వ్యాసం మొత్తంలో ఇంత సరైన వాక్యం లేదు.

తర్వాత అక్క రాసివ్వమంది, మళ్ళీ డాక్టరు దగ్గరికి పట్టుకెళ్తానని. రిపోర్టు వెనకాల రాశాను. అది ఇదీ:

“గడ్డలోని కణాలకి ఈ కేప్సూల్ దెబ్బని సరిచేసుకునే ప్రొటీను తయారవుతోంది. అందువల్ల కేప్సూల్స్ కొంతమందిలో చేసినంత మేలు ఈయనకి చేయకపోవచ్చు. ఇది మీరు తిన్నదాని వల్లా, తిననిదాని వల్లా వచ్చింది కాదు, గడ్డ తీరే అంత. డాక్టరుని ఇలా అడగండి: కేప్సూల్స్ కొనసాగిస్తే ఈయనకి లాభం ఎంత, ఇబ్బంది ఎంత, ఆపితే ఏమిటి? పొడి డబ్బా వెంట తీసుకెళ్ళి చూపించండి.”

డాక్టరు ఆ కాగితం చదివి, ఈసారి తెలుగులోనే మాట్లాడారట. ఇరవై నిమిషాలు పట్టిందని అక్క చెప్పింది. కేప్సూల్స్ కొనసాగిద్దామన్నారు, ఎందుకో కూడా చెప్పారు. పొడి ఆపమన్నారు.